ఆమేన్ దాకా ఆగే నురగ

నురగకు చప్పుడు ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే గిన్నెలో బ్రష్ చపచపమంటుంది. తక్కువైతే గరగరమంటుంది. సరిగ్గా కుదిరిన నురగ మాత్రం నోరెత్తదు. మొన్న కరీంనగర్‌లోని నా బ్యూటీపార్లర్‌లో ఒక పెండ్లికూతురు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఈ కాలపు ఆడపిల్లలు మేకప్‌కు ముందు ముఖం మీది నూగును చిన్న రేజర్‌తో తీయించుకుంటున్నారు కదా, అందుకని. డబ్బా నొక్కగానే బుస్సుమని వచ్చే నురగ మీద నాకు నమ్మకం లేదు. మా పార్లర్‌లో ఇప్పటికీ సబ్బు బిళ్ల, బ్రష్, స్టీలు గిన్నె. నా దగ్గర పనిచేసే లత వెనక గదిలో నురగ కొడుతోంది. "నీళ్లెక్కువైనయే, జర సబ్బు పట్టియ్యి" అని ఇటునుంచే కేకేశాను. "సూడకుండనే ఎట్ల తెలిసిందక్కా?" అంటూ లత తలుపు సందులోంచి తల బయటపెట్టింది. దాని చేతిలోని గిన్నె నుంచి వేడినీళ్లూ సబ్బూ కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనతో నేను అప్పటికే బెల్లంపల్లిలో, రాహేలమ్మ వరండాలో ఉన్నాను.

రాహేలమ్మది మా పక్క క్వార్టర్. గని కార్మికుల క్వార్టర్లు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. ఒకింట్లో మిరపకాయ వేయిస్తే లైనంతా తుమ్మేది. నేను ఆమెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. పొట్టి మనిషి, గట్టి గొంతు, నవ్విందంటే భుజాలు కూడా నవ్వేవి. పెండ్లికి ముందు మిషన్ దవాఖానలో ఆయాగా చేసింది. ఆపరేషన్‌కు ముందు రోగుల ఒంటిమీది వెంట్రుకలు తీయడం ఆమె పని. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి కూడా గాటు పడకుండా రేజర్ ఆడించిన చెయ్యి అది. పెండ్లయ్యాక ఆ చెయ్యి ఆమె మొగుడు ఏసోబు పెద్దబాపు గడ్డం పాలైంది. కొత్తకాపురంలో ఆయనకు టైఫాయిడ్ వస్తే ఆమే గడ్డం గీసిందట. జ్వరం తగ్గింది కానీ రేజర్ మళ్లీ ఆయన చేతికి పోలేదు. "చేతులు మంచిగనే ఉన్నయి, సోమరితనమే బాగలేదు" అనేది పెద్దమ్మ.

ప్రతి ఆదివారం పొద్దున, చర్చికి పోయే ముందు, వరండాలో కుర్చీ పడేది. పెద్దబాపు మెడచుట్టూ తువ్వాల, కళ్లు మూసుకుని సన్నగా ఒక కీర్తన. పై స్వరానికి పోయినప్పుడు గొంతు ముడి కదులుతుంది కాబట్టి అక్కడ పెద్దమ్మ రేజర్ ఎత్తి ఆగేది, స్వరం దిగగానే మళ్లీ మొదలుపెట్టేది. మొగుని గడ్డం పెండ్లాం గీకుడేందని లైన్లో మొదట్లో నవ్వినవాళ్లున్నారు. "నీ మొగన్ని గూడ తోలు, సబ్బు నాదే" అని ఆమె అనేసరికి ఆ నవ్వులు ఎటుపోయాయో. అంతా అయిపోయి ముఖం తుడిచాక, పెద్దబాపు కళ్లు తెరవకుండానే అడిగేవాడు: "షురూ చేసినవా రాహేలూ?" తువ్వాలతో చురుక్కుమని ఒకటి అంటించేది. ఆ ప్రశ్న కోసమే మేం పిల్లలం గోడెక్కి కూర్చునేవాళ్లం. అది ఎగతాళి అనుకునేదాన్ని. అంతకు మించిన మెప్పు లేదని చాలా తర్వాత తెలిసింది.

మా బాపు రాజమల్లు భూమి లోపల బొగ్గు కొట్టే మనిషి. గని మనుషుల గడ్డానికి ఒక చిక్కుంది. బొగ్గుపొడి చర్మం రంధ్రాల్లో దూరి కూర్చుంటుంది, పైపైన కడిగితే పోదు. అది ఉండగా గాటు పడిందా, పొడి గాటులోకి దిగుతుంది, మీద చర్మం మూసుకుంటుంది, ఆ గీత జన్మంతా నీలంగా ఉండిపోతుంది. బాపు గదువ మీద, చుబుకం అంటారే అక్కడ, అలాంటిదొకటి ఉంది. పెండ్లయిన కొత్తలో అత్తగారింటికి పోయే బస్సు అందుకోవాలన్న తొందరలో, షిఫ్టు దిగి నేరుగా బజారుకు పోయి, అక్కడ క్షవరం చేసే ఆయనతో గడ్డం గీయించుకున్నాడట. పూసిన నురగ బూడిదరంగుకు తిరిగినా "కానీయ్ కానీయ్" అన్నాడట. "తప్పు ఆయనది గాదు, నాది. నురగ తెల్లగయ్యేదాక ఆగకపోతి" అని చెప్పేవాడు. అప్పటి నుంచి తన ముఖం మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తే ఒట్టు.

ఆ నీలిగీత మీద ప్రతి ఎండాకాలం దట్టంగా పౌడరు పడేది. ఎందుకంటే మా బాపు సీతమ్మ. సుల్తానాబాద్ అవతల మా సొంతూరు. యాసంగి కోతలయ్యాక అక్కడ చిరుతల రామాయణం ఆడతారు. ఊరి మగవాళ్లే వేషాలు కట్టి, చేతుల్లో చిరుతలనే చెక్కతాళాలు ఆడిస్తూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ పాడతారు. ఆడవేషాలూ వాళ్లవే. బాపు పడుచుతనం నుంచీ సెలవు పెట్టి పోయి సీత వేషం కట్టేవాడు. చలికాలం నుంచే ఇంట్లో సీతమ్మ పాటలు మొదలయ్యేవి: స్నానం చేస్తూ పాట, అన్నం కలుపుతూ పాట, చెప్పులేసుకుంటూ పాట. గజ్జె కట్టే రోజునే, ఊళ్లోనే, మీసం తీసేసేవాడు. అది ఆయన పట్టు. "ఇగ మీసం మొలిచేదాక నాకు మొగడు లేడు, సవతి ఉన్నది" అని అవ్వ, అంటే మా అమ్మ, నిట్టూర్చేది. చెమటకు పౌడరు కరిగి గీత బయటపడితే, ఊరి ముసలమ్మలు "సీతమ్మకు పచ్చబొట్టు ఎంత సక్కగున్నదే" అని మురిసిపోయేవాళ్లు.

నేను ఇంటర్ చదివే ఏడు గనిలో బాపు కుడిచెయ్యి నలిగింది. చెయ్యి దక్కింది కానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టు పోయింది. పైన, దీపాలిచ్చే ల్యాంపురూంలో తేలికపని ఇచ్చారు. అక్కడా లోపలి నుంచి వచ్చిన దీపాల మీది బొగ్గుపొడి తప్పేది కాదు. చెంబు పట్టుకునేవాడు, ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు, రేజర్ మాత్రం అయితే జారిపోయేది, లేకపోతే దిగబడేది. గడ్డం పెరగనిచ్చాడు. అది గొంతు దాకా వచ్చేసరికి ఇంట్లో పాట పూర్తిగా ఆగిపోయింది. ఊరి నుంచి చిరుతల గురువు కబురు పంపాడు: "నేర్సుడు షురూ అయింది, సీతమ్మ ఎప్పుడొస్తది?" బాపు కబురు తెచ్చినవాడికి చాయ్ ఇప్పించి, "గడ్డమున్న సీతమ్మ ఏడనన్న ఉంటదా? వేరేటోన్ని సూసుకోమను" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అంటే బాగుండేది. నవ్వలేదు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. నాకు ఇంటర్ పాసవడం కన్నా, ఇంకేదాని కన్నా, ఆ ఎండాకాలం మా బాపు మళ్లీ సీతమ్మ కావాలని ఉండేది.

పాట ఆగిపోయిన సంగతి పక్కింటికి వినబడకుండా ఉంటుందా? ఒక సాయంత్రం పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏం రాజమల్లూ, సీతమ్మకు గడ్డం మొలిపిస్తున్నవా?"

"చేతికి పట్టు లేదు వదినే. ఇంకోల్ల చెయ్యి నా మొఖం మీద పడనియ్య. నీకెరికే గదా."

"ఎరికే. ఇంకోల్లు ఎందుకు? నీ బిడ్డ చెయ్యి నీ చెయ్యి గాదా?"

నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న నేను, ఆ బిడ్డ ఎవరా అని చుట్టూ చూశాను. మా ఇంట్లో ఇంకెవరూ లేరు. బాపు నావైపు చూసి, "దానికేం వస్తది?" అన్నాడు. "నాకు తల్లి కడుపుల్నే వచ్చిందా? నేర్పుత" అంది పెద్దమ్మ. బాపు ఔననలేదు, కాదనలేదు. మా బాపు కాదనలేదంటే సగం ఔనన్నట్టే.

మరుసటి రోజు ఆమె నా చేతిలో రేజర్‌తో పాటు లేత ఆనిగెపుకాయ ఒకటి పెట్టింది. సొరకాయ అంటారే, అదే. ఎప్పుడైనా గమనించారో లేదో, లేతకాయ ఒంటినిండా తెల్లటి నూగు ఉంటుంది. తోలు ఎంత పలచన అంటే గోరు తగిలినా గీత పడుతుంది. "నూగు పోవాలె, తోలుకు తెల్వద్దు" అంది. నేను కొడవలి పట్టినట్టు పట్టాను. అప్పటికి బాగానే వచ్చిందనిపించింది, గర్వంగా చూపించాను కూడా. ఆమె కాయను మా గుమ్మం పక్కన పెట్టిపోయింది. తెల్లారి చూస్తే దాని నిండా గోధుమరంగు గీతలు తేలి ఉన్నాయి. ఎక్కడెక్కడ నేను ఒత్తానో కాయే చెప్తోంది. "గట్ల ఒత్తుతె గడ్డం గీసుడు గాదు బిడ్డా, కూరగాయ కోసుడైతది" అని పెద్దమ్మ నా వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, రేజర్‌ను పిడి చివర పట్టించింది. "బరువు కత్తిది. దారి నీది. నువ్వు దారి సూపియ్యి, గంతే."

దారి చూపించడం అంత తేలిక కాదు. ఒత్తకూడదు అనుకుంటే చెయ్యి బిగుసుకునేది, బిగుసుకుంటే ఒత్తేది. ఆ రెంటి మధ్య నా పాఠం సాగినన్నాళ్లూ మా ఇంట్లో ఆనిగెపుకాయ కూర, ఆనిగెపుకాయ పప్పు, ఆనిగెపుకాయ పచ్చడి. "దీని సదువు అయిపోయేలోపు మన నెత్తి మీద ఆనిగెపుతీగ మొలుస్తది" అని అవ్వ వాపోయేది. బాపు రోజూ డ్యూటీకి పోయే ముందు గుమ్మం పక్కన ఆగి, ఎడమచేత్తో ఆ కాయను తిప్పి చూసేవాడు. చూసి, పెట్టేసి, పోయేవాడు. ఒకరోజు పొద్దున అలాగే కాయ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, "గీత లేదు" అన్నాడు. టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ సాయంత్రమే ఊరికి కబురు పోయింది, సీతమ్మ వస్తుందని.

కాయ అయ్యాక నురగ. నేను నురగంటే అలంకారం అనుకునేదాన్ని. పెద్దమ్మ లెక్కలో పనంతా నురగదే. "నురగ పల్సగుంటె చెయ్యి బరువైతది" అనేది. అంటే, నురగ పలచనైతే కత్తి జారదు, జారకపోతే మనం ఒత్తుతాం, ఒత్తితే తెగుతుంది. మనిషి చేతిని తిట్టే ముందు గిన్నెలోకి చూడమనేది. బ్రష్‌ను వేడినీళ్లలో నానబెట్టి, పిండి, సబ్బు బిళ్ల మీద తిప్పి, గిన్నెలో ఒక్కో చుక్క నీళ్లు కలుపుతూ కొట్టాలి. బుడగలు కనబడితే అది బట్టలుతికే నురగ. గట్టిగా ముద్దలా ఉంటే గోడకు పూసే సున్నం. ఈ రెండూ దాటాక మీగడలా నున్నగా, మెరుస్తూ, చప్పుడు లేకుండా అవుతుంది. అది కుదిరిందో లేదో తేల్చడానికి ఆమె దగ్గర గడియారం ఉండేది కాదు, చర్చిలో చెప్పే పరలోక ప్రార్థన ఉండేది. ముంజేతి మీద కాస్త నురగ పూసి, మొదటి నుంచి ఆమేన్ దాకా నిదానంగా ప్రార్థన చెప్పాలి. ఆమేన్ అనేసరికి నురగ ఎండకుండా, విరగకుండా ఉంటే మనిషి ముఖం మీదికి పోవచ్చు. నా మొదటి నురగలన్నీ ప్రార్థనలో అనుదినాహారం అడిగే చోటు రాకముందే ఎండిపోయాయి.

నేను ఇంట్లో కూడా ముంజేయి ముందుకు చాచి ఆ ప్రార్థన గొణుక్కుంటూ తిరుగుతుంటే అవ్వకు గుండెల్లో రాయి పడింది. నేరుగా పోయి అడిగింది. "రాహేలక్కా, సీతమ్మ గడ్డానికి మీ ప్రార్థన ఏందక్కా? మా దేవునికి కోపం రాదా?" పెద్దమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. "మరి మీ దేవునిది చదవమను. గంత పొడుగున్నది ఉంటె సాలు." అవ్వ ఆలోచించి తనకొచ్చిన దండకం మొదలుపెట్టింది. అది ఎంతకీ తెగలేదు. నురగ ఎండింది, బ్రష్ ఎండింది, పొయ్యిమీద పప్పు మాడింది. "వద్దు తీయ్, మీదే కానియ్యి" అని అవ్వ ఒప్పుకుంది.

మనిషి ముఖం మీద మొదటిసారి రేజర్ పెట్టడానికి ఏసోబు పెద్దబాపు తనే ముందుకొచ్చాడు. "ఆనిగెపుకాయ తర్వాత నేనే గదా, రా బిడ్డా" అని కుర్చీలో కూర్చున్నాడు. కీర్తన అందుకున్నాడు, కానీ ఆ రోజు పై స్వరానికి పోయే ధైర్యం చేయలేదు. అయిపోయాక కళ్లు తెరిచి, "ఖతం చేసినవా? గడ్డాన్నా, నన్నా?" అన్నాడు. తర్వాతి ఆదివారం కొంచెం నయం. ఆ తర్వాత పాట పూర్తిగా పాడాడు. "షురూ చేసినవా" అని మాత్రం నన్ను అడగలేదు. ఆ మాట పెద్దమ్మకే.

ఊళ్లో గజ్జె కట్టే రోజు వచ్చింది. మాతోపాటు పెద్దమ్మా పెద్దబాపూ కూడా బస్సెక్కారు. "నేర్పినదాన్ని, సూడకుంటె ఎట్ల" అని ఆమె, "సీతమ్మను సూడాలె" అని ఆయన. నడివీధిలో పందిరి వేశారు. డోలు మోగుతోంది, జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. చిన్నాయన వాళ్ల ఇంట్లో, కిటికీ వెలుతురు పడేచోట బాపును కూర్చోబెట్టాం. గడ్డాన్ని కత్తెరతో కురచగా కత్తిరించాను. నీళ్లు వేడి చేశాను, బ్రష్ నానబెట్టాను, కొట్టడం మొదలుపెట్టాను. నురగ రాలేదు. ఇంకాస్త సబ్బు పట్టించాను. విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలాయి, కింద నీళ్లు మిగిలాయి. ముంజేతి మీద పూస్తే ప్రార్థన ఎత్తుకోక ముందే చారికలై ఎండిపోయింది. అదే సబ్బు, అదే బ్రష్, అదే చెయ్యి. కొట్టీ కొట్టీ నా భుజం పడిపోయింది. దాన్నే కాస్త బాపు చెంపకు రాస్తే బూడిదరంగుకు తిరిగింది. అది బొగ్గో, విరిగిన సబ్బు మడ్డో తెలియడం లేదు. నురగ తెల్లబడకుండా కత్తి ముట్టొద్దంటే, ఇది ఎప్పటికి తెల్లబడాలి?

గురువు తలుపు దగ్గరికి వచ్చాడు. "పంతులు పూజ అయిపోయింది, జనం కూసున్నరు. సీతమ్మ తయారైందా? లేకుంటె లక్ష్మణునికి చీర కట్టిస్త." వెనకే నిలబడ్డ లక్ష్మణుడి ముఖం పాలిపోయింది. పాపం, వాడిది గుబురుమీసం. బాపు నా కళ్లలోకి చూశాడు. ఇరవయ్యేళ్లు ఎవరినీ ముట్టనివ్వని మనిషి, మెల్లగా అన్నాడు: "కానీయ్ బిడ్డా. ఎట్లయితె గట్ల. ఇంకో గీత పడితె పడనీ." రేజర్ ఎత్తాను. నా మణికట్టును ఒక చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ.

"వద్దు బిడ్డా. చెయ్యి నీదే గని, నీళ్లు నీయి గావు" అంది. గుమ్మంలో గుమిగూడిన ఆడవాళ్ల వైపు తిరిగి, "ఏమే, గీ ఊర్ల పప్పు మెత్తగ ఉడికే నీళ్లు ఏడికెల్లి తెస్తరే?" అని అడిగింది.

గడ్డానికీ పప్పుకూ ఏం సంబంధమో ఎవరికీ అర్థం కాలేదు. కానీ అడిగింది నీళ్ల సంగతి, వాళ్లకు తెలిసిన సంగతి. "బోరింగు నీళ్లల్ల పప్పు ఉడుకుతదా అక్కా! గవి సౌటివి. వాగుల చెలిమె నీళ్లు తెచ్చుకుంటం" అన్నారు అందరూ ఒక్కసారే. అప్పుడు నాకు వెలిగింది. పప్పును ఉడకనివ్వని నీళ్లు సబ్బును నురగ కానిస్తాయా? ఇసుకలో చెలిమెలు తవ్వుకునే ఆ వాగు ఊరి బయట ఉంది. ఎవరు పోవాలి? "నేను పోత" అన్నాడు ఓదెలు. ఓదెలు ఆ ఊరి హనుమంతుడు. అప్పటికే మూతికి ఎర్రరంగు, నెత్తిన కిరీటం, వెనక మూరెడు మూరెడుగా తోక. వేషం విప్పే సమయం లేదు. తోకను మెడచుట్టూ మఫ్లర్‌లా చుట్టుకుని, క్యారియర్ మీద బిందె కట్టుకుని సైకిలెక్కాడు. పందిరి కింద కూర్చున్న జనం ముందు నుంచే పోవాలి మరి. "ఓ హనుమంతా, లంకకు తొవ్వ గటు గాదురా!" అని ఒకరు, "సీతమ్మ జాడనే తియ్యలే, అప్పుడే సంజీవికి వోతున్నవా?" అని ఒకరు. పిల్లలందరూ కేకలేస్తూ సైకిల్ వెంట పరిగెత్తారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు అసలు ఆట అదే అయింది.

ఓదెలు తిరిగొచ్చేసరికి వాడి తలప్రాణం తోకకొచ్చింది. బిందె మాత్రం తొణకలేదు. అవ్వ పొయ్యి ఎగదోసింది. నేను బ్రష్ కడిగి, గిన్నె కడిగి, మళ్లీ మొదలుపెట్టాను. చపచప. ఒక చుక్క. మళ్లీ ఒక చుక్క. ఆ గదిలో అంతమంది ఉన్నారా, చప్పుడు ఆగిపోయిన క్షణం అందరికీ వినబడింది. ముంజేతి మీద పూసి ప్రార్థన మొదలుపెట్టాను. పెద్దమ్మ అందుకుంది, పెద్దబాపు తన పాటల గొంతుతో అందుకున్నాడు. నురగ మీద అందరి కళ్లూ. చివరికొచ్చేసరికి అది పూసింది పూసినట్టే తడిగా మెరుస్తోంది. అప్పుడు అందరికన్నా గట్టిగా "ఆమేన్!" అన్నది మా అవ్వ. అన్నాక నాలుక కరుచుకుని, గోడ మీది దేవుడి పటం వైపు తిరిగి లెంపలేసుకుంది.

మొదటిసారి పూసిన నురగ బూడిదరంగైంది. తుడిచేశాను. రెండోది మబ్బుగా ఉంది. తుడిచేశాను. మూడోది పూసి ఆగాను. తెల్లగానే నిలబడింది. బాపు కళ్లు మూసుకున్నాడు. నేను రేజర్‌ను పిడి చివర పట్టుకుని, కణత దగ్గర పెట్టి, దాని దారి దానికి చూపించాను. ఏమీ ఆలోచించినట్టు గుర్తులేదు. చెంప, దవడ, గొంతు. నీలిగీత దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి ఊపిరి బిగబట్టాను, మళ్లీ వదిలేశాను. ఇంకోసారి నురగ పూసి, మీసం తీసి, వేడినీళ్ల తువ్వాలతో అద్ది, పక్కకు జరిగాను. బాపు కదలడే. అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బయట డోలు ఊగిపోతోంది. కాసేపటికి విసుగ్గా అన్నాడు: "ఇంక షురూ చెయ్యవానే పద్మా? జనం ఎదురుసూస్తుండ్రు."

గది గొల్లుమంది. ఏసోబు పెద్దబాపు తన మాట ఇంకొకరి నోట విని మోకాళ్లు కొట్టుకుని నవ్వాడు. బాపు ఎడమచెయ్యి చెంపకు పోయింది, గదువకు పోయింది, ఆగింది. ఆయనది ఎగతాళి కాదు. నిజంగానే తెలియలేదు. నెలల తర్వాత మా బాపు పళ్లు కనబడేలా నవ్వడం నేను ఆ రోజు చూశాను. ఆ సాయంత్రం కుడిచేతిని కొంగులో దాచుకుని, చిరుతలు ఎడమచేత పట్టుకుని సీతమ్మ పందిట్లోకి వచ్చింది. మొదటి పాటలో గొంతు బొంగురుపోయింది. రెండో చరణానికి ఎత్తుకుంది చూడండి, నాకు ఒళ్లంతా పులకరించింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. పెద్దమ్మ మోచేత్తో నన్ను పొడిచి, "ఎడమ దవడ కింద జర మిగిలింది" అంది.

ఆ రోజు బాపు ముఖానికి పౌడరు రాసింది కూడా నేనే. మరుసటి ఏడు అక్కడి వేషగాళ్లందరికీ రాశాను, ఆ తర్వాత చుట్టాల ఇళ్లలో పెండ్లికూతుళ్లకు, అలా అలా ఈ పార్లర్ దాకా. బాపు ఇప్పుడు ఊళ్లోనే ఉంటాడు, తనే చిరుతల గురువు. నేను పోయినప్పుడల్లా గడ్డం పెంచి ఎదురుచూస్తుంటాడు. అవ్వ అంటుంది, "నువ్వస్తవని తెలిస్తె పదిరోజుల ముందుగాల్నే గీకుడు బంజేస్తడు" అని. నేను లేనప్పుడు చిన్నాయన మనవడు కరెంటు మిషను పెడతాడట. దాన్ని బాపు గడ్డం గీయడం కింద లెక్కగట్టడు.

ఏసోబు పెద్దబాపు పోయాక నేను బెల్లంపల్లి వెళ్లాను. పెద్దమ్మ వరండాలో అదే కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ అదే కానీ దానిలో ఆమెను చూడడం నాకు అదే మొదలు. నా ముఖం దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంటే ఏదో గుచ్చుకుంది. ఆమె నవ్వింది. "సూసినవా, ముసల్దాన్ని అయినంక నాకు గడ్డం మొలిచింది. మీ పెద్దబాపు పోతపోత నాకిచ్చి వోయిండు." గదువ మీద గరుకైన తెల్లవెంట్రుకలు. చేతులు వణుకుతాయి కాబట్టి తను తీసుకోలేదు, ఇంకొకరిని అడగలేదు. "రేపు ఆయితారం. చర్చికి పోవాలె. గీకుతవా బిడ్డా?"

ఆదివారం పొద్దున నీళ్లు కాచాను. ఆమె గిన్నె, ఆమె బ్రష్. చప్పుడు ఆగేదాకా కొట్టాను. ముంజేతి మీద పూసి ప్రార్థన చెప్తుంటే ఆమె పెదవులు కూడా కదిలాయి. మెడచుట్టూ పెద్దబాపు తువ్వాలే కప్పాను. ఎన్ని ముఖాలు చూసిన చెయ్యి నాది, అయినా ఆ రోజు దానికి తొలిసారి ఆనిగెపుకాయ పట్టినప్పటి బెదురు వచ్చింది. ముడతలు పడిన చర్మాన్ని వేలితో మెల్లగా సాగదీసి, రేజర్ ఆనించి, దారి చూపించాను. ఒక్క వెంట్రుక మిగల్చలేదు. తుడిచి, మెచ్చుకుంటుందో వంక పెడుతుందో అని నిలబడ్డాను. ఆమె తల పక్కకు వాలింది. వంగి చూస్తే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. నేను లేపలేదు. అరుగు మీద కూర్చుని ఆమెను చూస్తూ ఉన్నాను. చర్చి గంట మోగింది. ఉలిక్కిపడి కళ్లు తెరిచి, నన్ను చూసి కసిరింది: "గట్ల కూసున్నవేందే, గంట కొట్టిండ్రు! ఇంక షురూ చెయ్యవా?"

అద్దం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఇక్కడ పార్లర్‌లో లత నురగ గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది. చప్పుడు ఆగింది, అయినా నేను ఎప్పటిలాగే ముంజేతి మీద పూసుకుని పెదవులు కదిపాను. పెండ్లికూతురు ఒక కన్ను తెరిచి, "ఏం మంత్రమక్కా అది?" అని అడిగింది. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని వచ్చిన నన్ను చూసి ఇంకేం అనుకుంటుంది? "మా పెద్దమ్మది" అన్నాను. కళ్లు మూసుకోమన్నాను. ఆమేన్ అన్నాకే రేజర్ తీశాను.